సంగీతము పేరు చెప్పని ఆటలు

పార్వతీపురమున నలుబది యేండ్లు నిండినవారి యెదుట ఎవరి చేతిఫోనునుండియో ‘మారియో’ ఆటలోని మొదటి స్వరములు వినవచ్చినచో, వారు సర్కారు కొలువున నున్నవారైనను, బజారులో బేరము సాగించుచున్న వర్తకులైనను, ఒక్క క్షణము మాట నాపి, పెదవులపై చిరునగవు పొడసూపగా, తరువాతి స్వరములను నోటితోనే పూర్తిచేయుదురు. అంత గాఢముగా నాటుకొనిన ఆ సంగీతమును కూర్చినవారెవరని యడిగినచో మాత్రము సమాధానము తోచదు. వారి మమతను నేను తప్పుపట్టను. ఈ మఱపును గూర్చియే నా యభియోగము.

ఈ సీమవారికి సంగీతకర్తల పేర్లు గుర్తుండవనుకొందమా, అదియును కాదు. ఇక్కడికి దాపుననే, సాలూరు ప్రాంతపు శివరామపురములో 1922లో జన్మించిన సాలూరి రాజేశ్వరరావు బాణీని, పల్లవి యెత్తుకొనకముందే, తొలి వాద్యధ్వనినిబట్టి పోల్చుకొనగల శ్రోతలు మన వీధులలో నేటికిని కలరు. ఇది మన చెవుల గొప్పతనము వలననే కలిగినది కాదు. ప్రతి పాటకును ముందు చిత్రము పేరు, రచయిత పేరు, సంగీతదర్శకుని పేరు, గాయకుల పేర్లు వరుసగా చెప్పుట రేడియోవారు దశాబ్దములపాటు పాటించిన యాచారము. వంటయింటిలో కూర తరుగుచు వినిన గృహిణికి సైతము ఆ యాచారమే సినిమా సంగీతచరిత్రను కంఠస్థము చేయించినది. వీడియో ఆటలకు అట్టి యనౌన్సరు ఎన్నడును లేడు.

1982లో ఇంగ్లండున సింక్లెయిర్ స్పెక్ట్రమ్, అమెరికాలో కమొడోర్ 64 అను ఇంటి కంప్యూటర్లు వెలువడి, ఆ దేశములలో పిల్లల గదులనే ప్రయోగశాలలుగా మార్చినవి. కమొడోరులోని ‘సిడ్’ అను ధ్వనిచిప్పును రూపొందించిన బాబ్ యానెస్ దానికి మూడే స్వరమార్గముల నిచ్చెను. రాబ్ హబ్బర్డ్, మార్టిన్ గాల్వే మొదలగువారు ఆ మూటితోనే ఆటలకు సంగీతము కూర్చి ప్రసిద్ధులైరి. మన యూరికి ఇంటి కంప్యూటరు వచ్చిన దారి వేఱు. జపానులో నింటెండో సంస్థ 1983 జూలైలో విడుదల చేసిన ‘ఫ్యామిలీ కంప్యూటర్’ అను పెట్టెకు తైవాను, చైనాలలో పుట్టిన నకళ్లు, పట్టణపు అంగళ్లనుండి రైళ్లలోను బస్సులలోను చేతిసంచులలో ప్రయాణము చేసి, 1990 దశకమున మన టెలివిజనుల క్రిందికి చేరినవి. కొనలేనివారికై గంటకింతయని రుసుము గైకొను వీడియోగేము దుకాణములు వెలసినవి. మనము ‘క్యాసెట్టు’ అని పిలిచిన ఆ ప్లాస్టిక్కు దిమ్మ పనిచేయనప్పుడు దాని నోటిలో ఊది మరల చొప్పించుట, అట్టమీద 9999 ఆటలని చెప్పి లోపల కొన్నింటినే పేర్లు మార్చి త్రిప్పి త్రిప్పి చూపుట, అడాప్టరు వేడెక్కినదని తల్లుల కేకలు, ఆట మంచి రసకందాయమున పడినవేళ కరెంటు పోవుట, ఇవన్నియు ఆ కాలపువారికి చెప్పనక్కరలేని సంగతులు. ‘మన తరము’ అని మనము తేలికగా నందుము గాని, కురుపాము, గుమ్మలక్ష్మీపురము కొండలపై నున్న గూడెములు కొన్నింటికి అప్పటికి విద్యుత్తే చేరలేదు. ఈ స్మృతి పట్టణమువారిది. దానిని అందరిదిగా చెప్పుట న్యాయము కాదు.

ఆ సంగీతము ఎట్లు పలికెనో యెఱిగినవారికి దానియెడ గౌరవము ద్విగుణీకృతమగును. క్యాసెట్టులో ముద్రింపబడిన గానమేమియు లేదు. అందున్నది స్వరలిపి వంటి యాజ్ఞల వరుస. పెట్టెలోని చిప్పు ప్రతిసారియు దానిని చదువుకొని అప్పటికప్పుడు వాయించును. ఆ చిప్పునకు మార్గములైదు: రాగము పలుకుటకు రెండు, మంద్రస్థాయికి ఒకటి, తాళపు దెబ్బలకై ఘోషను పుట్టించునది యొకటి, ముందుగా పట్టియుంచిన చిన్న ధ్వనితునకలను వినిపించునది యొకటి. ఆటలోని దుముకులు, నాణెముల చప్పుళ్లు సైతము ఈ మార్గములలోనే పలుకవలెను గనుక, బాలుడు మీట నొక్కి మారియోను ఎగిరించినప్పుడెల్ల స్వరమార్గములలో నొకటి క్షణకాలము తన పాట మాని ఆ చప్పుడునకు చోటియ్యవలసియుండెను. అట్లు తెగుచున్నను రాగము తెగినట్లు తోచకుండునట్లు కూర్చుట యెంతటి విద్య! 1985లో వెలువడిన ఆ యాట సమస్తము, చిత్రములు, నియమములు, సంగీతము కలిపి, 40 కిలోబైట్లు మాత్రమే. నేడు ప్రొద్దుననే ఫోనులో వచ్చు శుభోదయపు బొమ్మ యొక్కటి అంతకు మించియుండును. దానికి స్వరరచన చేసిన కోజీ కొండో అప్పటికి 24 ఏండ్ల యువకుడు. నేలపై నడకకు ఒక గతి, నీటిలో ఈతకు మూడు మాత్రల తూగు, నేలమాళిగలో ఆరు స్వరములు పలికి ఆగిపోవు జంకు, సమయము నూటికి దిగువకు జారినంతనే ద్రుతమగు లయ, ఇవన్నియు ఆ యిఱుకులోనే యిమిడినవి.

అయినను దారిద్ర్యమే కళకు తల్లి యను మాట నాకు సమ్మతము కాదు. ఆ చవుక క్యాసెట్టులలోని యాటలు పెక్కింటి సంగీతము దుర్భరము. ఉన్న రెండు మూడు వరుసలే గంటలకొలది మ్రోగుచుండగా పెద్దలు విసుగుకొనిరన్న నేను పెద్దల పక్షమే. ఎరువు తెచ్చుకొనిన బాణీలును తక్కువ కాదు. 1983 నాటి ‘డిగ్గర్’ ఆటలో మ్రోగునది గెర్షన్ కింగ్స్‌లీ 1969లో చేసిన ‘పాప్‌కార్న్’. గేమ్ బాయ్ టెట్రిసులోని ప్రఖ్యాతగీతము రష్యను జానపదము. చెప్పులు వెలుపల విడిచి యేదో గర్భాలయమున అడుగిడినట్లు ప్రవేశించు కంప్యూటరు ఇన్‌స్టిట్యూటులలో, మాస్టరు కన్నుగప్పి మనవారాడిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ సంగతి వినదగినది: జోర్డాన్ మెక్నర్ చేసిన ఆ యాటకు సంగీతము కూర్చినది ఆతని తండ్రియైన ఫ్రాన్సిస్ మెక్నర్; ఆయన మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు. ఈ తండ్రీకొడుకుల కథ మన యనౌన్సర్ల చేత పడియుండినచో ఎన్నిమార్లు చెప్పియుందురో!

పేర్లు అసలే ప్రకటింపబడలేదని కూడ అనజాలము. ‘కాంట్రా’ అను తుపాకుల యాట ముగిసిన పిదప హిడెనోరి మాయెజావా, కియోహిరో సాడా అను సంగీతకర్తల పేర్లు తెరపై నడచును. కాని మూడు ప్రాణములతో అంతదూరము పోయినవారెందరు? ముప్పది ప్రాణముల రహస్యపు మీటల వరుస నెఱిగిన వారును తుపాకి ప్రక్కన పెట్టి పేర్లు చదువుకొనియుందురని తోచదు. 1985 నాటి మారియో యాటలో ఆ పేర్ల పట్టికయే లేదు. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు 2023లో కొండో బాణీని తమ జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో చేర్చిరి. వీడియో ఆటల సంగీతమున కట్టి గౌరవము దక్కుట అదియే మొదలు.

ఇందు మనకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. నకలు పెట్టెలు అనేకములలో స్వరతరంగపు ఆకృతులు రెండు తారుమారుగా అమర్చబడినవి. అందువలన రాగమదే యైనను నాదము మారినది. జపాను బాలుడు వినిన మారియో వేఱు, అట్టి పెట్టెపై మన పార్వతీపురపు బెలగాంలో వినిన మారియో వేఱు. ఇప్పుడు అసలు సంస్థవారు వెలువరించు పునర్ముద్రణములు, ఇంటర్నెట్టులోని శుద్ధధ్వనులు ఆ జపాను నాదమునే వినిపించునుగాని, మన చెవులు కోరు నాదము పాతయినుముల బండి కెక్కుచున్న ఆ నకలు పెట్టెలలోనే యున్నది. బొబ్బిలివీణకు భౌగోళిక గుర్తింపు సంపాదించుకొనిన సీమ మనది. వాద్యము పోయిన నాదమును పోవునని మనకొకరు చెప్పనక్కరలేదు.

ఈ పేర్లను, ఈ నాదమును నిలుపుకొనుటకు పెద్ద సంస్థలు కావలెనని నేననను. జాతరలో ఆర్కెస్ట్రావారు మారియో బాణీ నెత్తుకొనునెడల, ‘సంగీతము: కోజీ కొండో’ అని మైకులో ముందుగా చెప్పవచ్చును. పట్టణ గ్రంథాలయములోనో, కళాశాల కంప్యూటరు విభాగములోనో ఒక బీరువా యర కేటాయించి, అటకలమీది పెట్టెలను క్యాసెట్టులతో సహా అడిగి తెచ్చి యుంచవచ్చును. వాని తీగెలు మార్చి, టంకము వేసి మరల పలికింపగల పాతకాలపు టీవీ మెకానిక్కులు ఇంకను కొందరు దుకాణములు తెఱచియే యున్నారు. వారు మూసివేయకముందే ఆ పెట్టెలను వారి బల్లమీదికి చేర్చవలెను.