ప్యాకెట్టు మీద పరభాష

మన దేశంలో తయారై, మన వీధి కిరాణా కొట్టులో అమ్ముడయ్యే బిస్కెట్టు ప్యాకెట్టును ఎవరూ విదేశీ సరుకు అనరు. దాని వెనుక ముద్రించిన పోషక వివరాల పట్టిక మాత్రం కోట్లాది పౌరులకు విదేశీ పత్రమే. ఈ స్థితికి కంపెనీలకన్నా ముందు నిందించవలసింది చట్టాన్ని. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం తప్పనిసరి వివరాలు ఆంగ్లంలోనో, దేవనాగరి లిపిలోని హిందీలోనో ఉంటే చాలు. అదనంగా మరో భాష వాడితే అభ్యంతరం లేదట! 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా నమోదైనవారు 8.11 కోట్లు, ఆంగ్లం మాతృభాషగా గలవారు మూడు లక్షలకు లోపే.

అంకెలకు భాషతో పనేమిటని వాదించేవారున్నారు. మోసమంతా అంకె పక్కనున్న మాటలోనే ఉంది. ఒక చిప్స్ ప్యాకెట్టుపై 100 గ్రాములకు 540 కిలోక్యాలరీలని ఉందనుకుందాం. ప్యాకెట్టు బరువు 50 గ్రాములైతే తిన్నవాడికి చేరేది 270. కంపెనీ 20 గ్రాములనే ‘ఒక వడ్డన’గా లెక్కిస్తే కనిపించే అంకె 108. మూడూ నిజాలే, ఏది దేనికి వర్తిస్తుందో తెలిపే మాట చదవలేనివాడికి మూడూ నిష్ప్రయోజనాలే. పక్కనుండే శాతం రోజుకు 2000 కిలోక్యాలరీల ఆహారాన్ని ప్రమాణంగా తీసుకొని వేసినదనీ, మొత్తం చక్కెర వేరు, అదనంగా కలిపిన చక్కెర వేరనీ మధుమేహ రోగికి ఎవరు చెప్పాలి?

జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది హైదరాబాదులోనే. 2024లో అది విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో పదిహేడవది, లేబుళ్లు చదివి ఆహారం ఎంచుకోండి అని. ఏ భాషలో చదవాలి?

చోటు చాలదన్నది పరిశ్రమ పాత సమాధానం. సినీతారల బొమ్మకు, బహుమతి పథకానికి చాలిన చోటు నాలుగు వరుసల తెలుగుకు చాలదా? ఇరవై నాలుగు అధికార భాషలున్న ఐరోపా సమాఖ్య, సరుకు అమ్ముడయ్యే దేశపు వినియోగదారులకు సులభంగా అర్థమయ్యే భాషలో వివరాలుండాలని 2011లోనే శాసించింది. అంత దూరం పోనక్కర్లేదు. మన 2003 పొగాకు ఉత్పత్తుల చట్టం, పెట్టెపై ఏ భారతీయ భాష వాడితే ఆ భాషలో హెచ్చరిక ఉండాలంటోంది. బీడీ కట్టకు వర్తించే న్యాయం బిస్కెట్టుకు ఎందుకు వర్తించదు?

నిబంధనల సవరణపై నిపుణుల కమిటీ సిఫార్సులను మూడు నెలల్లో సిద్ధం చేయించాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ప్యాకెట్టు ముందువైపు నక్షత్రాల రేటింగు ఉండాలా, చిలీ 2016 నుంచి అమలుచేస్తున్న నల్లని అష్టభుజి ముద్రలుండాలా అన్నది వివాదం. ఈ వ్యాసకర్త ఓటు అష్టభుజికే. నక్షత్రం చెత్త తిండికీ అలంకారమే అవుతుంది. అయితే ఏ ముద్రా గ్రాముల లెక్క చెప్పదు. ప్యాకెట్టు మీదగానీ, ప్రకటనలోగానీ ఏ భాషలో కొనమంటే ఆ భాషలోనే పట్టికా ఉండాలన్న నియమం ఈ సవరణలో చేరాలి. దీనికి కొత్త చట్టమూ అవసరం లేదు. కేంద్రం ముందస్తు ఆమోదంతో సంస్థే నిబంధన మార్చగలదు. రెండు తెలుగు రాష్ట్రాలకు లోక్‌సభలో 42 మంది సభ్యులున్నారు. వారిలో ఒక్కరైనా ఈ ప్రశ్నను ఆరోగ్యమంత్రి ముందు లిఖితపూర్వకంగా ఉంచాలి.