భూగర్భ నిర్ణయమునకు ముందే మన మాట

కరీంనగరం, ఆదిలాబాదు ప్రాంతముల సోదరసోదరీమణులకు విజ్ఞప్తి.

అణువిద్యుత్కేంద్రములలో వాడిన ఇంధనమును శుద్ధిచేయగా మిగులు అతితీవ్ర రేడియోధార్మిక వ్యర్థమును గాజుతో కలిపి కరిగించి, ఉక్కుపాత్రలలో పోసి, తారాపూరు వంటి చోట్ల చల్లారునట్లు భద్రపరచుచున్నారు. అందు లేశమాత్రముగా మిగులు ప్లుటోనియం-239 సగము క్షీణించుటకే సుమారు 24,000 ఏండ్లు పట్టును గనుక, ఏనాటికైనను దానిని లోతైన శిలాగర్భమున నిక్షేపింపక తప్పదు. 1980ల దశకముననే కోలారు బంగారుగనిలో దాదాపు 1000 మీటర్ల లోతున, ఆ వ్యర్థపు వేడికి శిల ఎట్లుండునో తెలియుటకై, శిలను వేడిచేసి పరీక్షించిరి. శాశ్వత స్థలము మాత్రము నేటికిని నిర్ణయము కాలేదు. అది మన జిల్లాలకే వచ్చునని భయపెట్టుట నా ఉద్దేశము కాదు. నిర్ణయమునకు ముందే ప్రజలు మాటాడవలెననియే నా విన్నపము.

మనమే ఏల మాటాడవలెనందురా? గోదావరిఖని, మందమర్రి బొగ్గుబాయిలలో దిగినవారికి, పంపు ఆగినచో నీరు పనిచోటికెక్కునని వేరుగా చెప్పనక్కరలేదు. కరీంనగరపు గ్రానైటు గుట్టల నడుమ బోరు వేయించిన రైతు, వందల అడుగుల వరకు పొడి రాతిదుమ్మే లేచి, ఇక ఆశ వదలుకొను వేళ ఒక సన్నని పగులు తగిలి బురదనీరెగసినపుడు, ఎంతటి గట్టిరాతిలోనైనను నీటికి దారి యుండునని కన్నులార చూచినవాడే. ఈ వ్యర్థపు భద్రతకు పరమశత్రువు, దానిని బయటికి మోసుకొనిరాగల ఆ నీరే.

జర్మనీవారు అస్సె అను పాత ఉప్పుగనిలో 1967 నుండి 1978 వరకు సుమారు 1,26,000 పీపాల వ్యర్థమును దింపిరి. తరువాత గనిలోనికి నీరూరసాగెను. ఆ పీపాలను మరల వెలికితీయవలెనని 2013లో చట్టమే చేయవలసివచ్చెను. ఫిన్లాండులో అట్లు కాదు. ఒల్కిలువోటో శిలలో 400 మీటర్లకు మించిన లోతున స్థలమును ఎన్నుకొనినపుడు, తిరస్కరించు హక్కు చట్టరీత్యా గల స్థానిక పురసభ 2000లో అంగీకరించిన పిమ్మటనే పార్లమెంటు 2001లో ఆమోదించెను.

కావున, పనిమానిన గని కార్మికులారా, బోరుబండ్ల పనివారలారా, భూగర్భశాస్త్రోపాధ్యాయులారా! మీ మీ గ్రామపంచాయతీలలో కూడి, శిలాపరీక్షల ఫలితములు తెలుగులో ముందుగా ప్రకటింపబడవలెననియు, గ్రామసభ అంగీకారము లేక ఏ స్థలమును ఎన్నుకొనరాదనియు, పూడ్చినదానిని అవసరమైనచో వెలికితీయు ఏర్పాటు ఉండవలెననియు చట్టమున స్పష్టముగా చేర్చుమని మీ పార్లమెంటు సభ్యులకు వ్రాయుడు. షెడ్యూల్డు ప్రాంతములలో గ్రామసభలకు అధికారములిచ్చు 1996 నాటి పెసా చట్టము వర్తించు ఆదిలాబాదు ఏజెన్సీ గూడెములలో ఈ సమావేశములు గోండీ, కొలామీ భాషలలో జరుపుడు. అక్కడి పెద్దల మాటను వారి మాటగానే వ్రాసి పంపుడు.