ఏ బాటిల్, సార్?

మొన్న ఎండాకాలం కోరుట్ల నుంచి అమ్మ ఫోన్ చేసింది. "బాపుకు పొద్దుగాల్ల నుంచి వాంతులు, మోషన్లు. ఇక్కడ్నే గ్లూకోజ్ ఎక్కిస్తున్నరు. నువ్వేం పరేషాన్ గాకు."

పరేషాన్ కాకుండా ఎట్లా ఉంటాను? బాపుకు పదేళ్లుగా షుగర్. ఎక్కించినాయన అడగలేదు, మనవాళ్లు చెప్పలేదు. సాయంత్రానికి మనిషి మగతగా అయిపోతే జగిత్యాలలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. నేను హైదరాబాద్ నుంచి నేరుగా అక్కడికే వెళ్లాను.

డ్యూటీ డాక్టరమ్మ అప్పటికే నాడి, బీపీ చూసి, చర్మం గిల్లి వదిలి చూసి, అమ్మను రెండే ప్రశ్నలు అడిగిందట: "నీళ్లు తాగగలుగుతున్నాడా? మూత్రం ఎప్పుడు పోశాడు?" షుగర్ చూస్తే 400 దగ్గర ఉంది. పాత బాటిల్ తీసేసి ఇంకోటి పెట్టించింది. "ఇది గూడ గ్లూకోజేనా మేడం?" అని అమ్మ అడిగితే, "కాదమ్మా, ఇది ఆర్‌ఎల్" అంది.

మన దగ్గర ఏ బాటిల్ అయినా "గ్లూకోజే". ఆ రాత్రి మంచం పక్కన కూర్చుని లేబుళ్లు చదివాను. పొద్దున డాక్టరమ్మను అడిగి మిగతాది తెలుసుకున్నాను.

నార్మల్ సెలైన్ అంటే లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంతే. ఆర్‌ఎల్, అంటే రింగర్ లాక్టేట్‌లో సోడియంతో పాటు పొటాషియం, కాల్షియం, లాక్టేట్ ఉంటాయి. విరేచనాల్లో పొటాషియం, బైకార్బొనేట్ కూడా పోతాయి. రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. లాక్టేట్‌ను లివర్ బైకార్బొనేట్‌గా మారుస్తుంది కాబట్టి ఆ లోటు కొంత తీరుతుంది. అందుకే ఒంట్లో నీళ్లు బాగా తగ్గిపోయినవాళ్లకు ముందు ఆర్‌ఎల్, అది దొరక్కపోతే సెలైన్ పెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తలకు గట్టి దెబ్బ తగిలితే మాత్రం మామూలుగా సెలైన్ వైపే మొగ్గుతారు.

మరి 5 శాతం డెక్స్‌ట్రోజ్, అంటే అసలు గ్లూకోజ్ బాటిల్? అర లీటరులో 25 గ్రాముల చక్కెర. దాంతో వచ్చే శక్తి ఒక అరటిపండంత. ఆ చక్కెరను ఒళ్లు వాడుకున్నాక మిగిలేది ఉత్త నీళ్లే. అవి రక్తనాళాల్లో నిలవవు, పడిపోయిన బీపీని లేపవు. షుగర్ పడిపోయినవాళ్లకు గ్లూకోజ్ ప్రాణం పోస్తుంది. బాపు లాంటివాళ్లకు అదే ప్రమాదం.

"ఇంకో రెండు ఎక్కియ్యుండ్రి సార్" అనడమూ మంచిది కాదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. డెంగీలోనూ అంతే, తక్కువైనా కష్టమే, ఎక్కువైనా కష్టమే.

బాపు మూడు రోజుల్లో కోలుకున్నాడు. తర్వాతి వారం సిరిసిల్లలో అక్క వాళ్లింటికి వెళ్లాను. బావ సాంచాల షెడ్డు నుంచి చెమటతో వచ్చి, "గుంజుతున్నది బామ్మర్దీ, ఒక బాటిల్ ఎక్కిచ్చుకొస్త" అన్నాడు. తెలివిగానే ఉన్నాడు, నీళ్లు తాగుతున్నాడు, మూత్రం వస్తోంది. అంటే సూది అవసరం లేదు. ఓఆర్‌ఎస్ కలిపి ఇచ్చాను. గంటలో తేరుకున్నాడు.

ఓఆర్‌ఎస్‌ను చిన్నచూపు చూడకండి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బనగావ్ శరణార్థుల మధ్య కలరా వచ్చి సెలైన్ అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు వచ్చాయి. అందులో గ్లూకోజ్ బలానికి కాదు, పేగుల్లోంచి ఉప్పును, దాంతో నీళ్లను లోపలికి లాగడానికి.

కొనేటప్పుడు మాత్రం ప్యాకెట్ చూడండి. ఓఆర్‌ఎస్ పేరుతో తియ్యటి పానీయాలు అమ్మడంపై హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసుంటే అన్నిట్లోనే కలపండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్లీ గుక్క గుక్కగా పట్టండి.

తాగలేకపోతున్నా, మగతగా ఉన్నా, గంటల తరబడి మూత్రం రాకపోయినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి. అక్కడ షుగర్, బీపీ, గుండె, కిడ్నీ సంగతులు వాళ్లు అడగకముందే చెప్పండి. బాటిల్ వేలాడదీస్తుంటే మొహమాటపడకుండా అడగండి: "ఇది ఏ బాటిల్, సార్?"

అమ్మ ఇప్పుడు అడుగుతోంది.