శునకానికి పాపం లేదు, శ్వపతికి ఉంది

 

చిక్కడపల్లిలో అర్చకత్వం నిర్వహిస్తున్న నాకు శునకపోషణ విషయమై వ్రాయవలసిన ప్రసక్తి కలుగుతుందని ఎన్నడూ అనుకోలేదు. మా ఇంట కుక్కను పెంచే ఆచారం లేదు. అయినా గత కార్తికమాసంలో మా ఆలయం ముంగిట జరిగిన ఒక సంఘటన, దాని విషయంలో నేను చెప్పిన ఒక తప్పు సమాధానం ఈ వ్యాసానికి కారణాలు. ముందుగా నా దోషాన్ని ఒప్పుకుని, తరువాత ఇతరుల వాదాలను పరిశీలిస్తాను.

అశోక్‌నగర్‌లో నివసించే ఒక భక్తుడు ప్రతిదినం ఉషఃకాలంలో తన బీగిల్ జాతి శునకాన్ని వెంటబెట్టుకుని నడకకు వస్తారు. ప్రహరీ వెలుపల నిలిచి గోపురానికి నమస్కరించి నారాయణగూడ వైపు సాగిపోవడం ఆయన నిత్యకృత్యం. ఆ ప్రహరీ పక్కన వేపచెట్టు మొదట ప్రతి ఉదయం గుప్పెడు బియ్యం చల్లడం నా నిత్యకృత్యం. భూతయజ్ఞభావంతో చేసే ఆ చిన్న పనికి పిచ్చుకలు, కాకులు, ఉడుతలు అలవాటుపడ్డాయి. ఆనాడు గొలుసు కుక్క మెడనుండి నేలమీద వ్రేలాడుతున్నది. యజమాని దృష్టి చరవాణిపై ఉన్నది. ఉడుత చెట్టెక్కేలోపే శునకం దానిని నోట కరచి రెండుసార్లు విదిలించింది. అంతే.

ఆయన కన్నీళ్లతో నా వద్దకు వచ్చి ప్రాయశ్చిత్తమేమిటని అడిగారు. అభిషేకానికి వేళ మించిపోతున్నది. "అది దాని స్వభావం. జీవమే జీవానికి ఆధారమని భాగవతమే చెప్పింది. చింతించకండి" అని తీర్థమిచ్చి పంపివేశాను. మూడు వారాలు గడవకముందే, గుడిముందు పూలమ్ముకునే తల్లి పెంచుకుంటున్న పిల్లికూన అదే శునకం నోటబడి మరణించింది. నేను ఆమెకూ అదే ఉపదేశం ఆరంభించాను. ఆమె నా మాట పూర్తికానీయలేదు. "అయ్యగారూ, కుక్కకు ఎరుక లేదు, సరే. గొలుసు పట్టుకున్నాయనకు ఎరుక లేదా?" అన్నది.

వేదం చదువుకున్న నా వద్ద ఆ ప్రశ్నకు సమాధానం లేకపోయింది. అటుపిమ్మట గ్రంథాలు తిరిగి తెరిచాను. మన ఆస్తికసమాజంలో ఈ విషయమై మూడు వాదాలు ప్రచారంలో ఉన్నాయి. మూడూ శాస్త్రం పేరుతోనే సాగుతున్నాయి. మూడూ అశాస్త్రీయాలే.

మొదటి వాదం నేను చెప్పినదే: వేటాడడం శునకస్వభావం, స్వభావాన్ని ఎవరు మార్చగలరు అన్నది. దీనికి గీత మూడవ అధ్యాయాన్ని ఉదాహరిస్తారు. జ్ఞానవంతుడు సైతం తన ప్రకృతిని అనుసరించే ప్రవర్తిస్తాడు, భూతాలన్నీ ప్రకృతినే అనుసరిస్తాయి, నిగ్రహమేమి చేయగలదు అని భగవానుడు ముప్పదిమూడవ శ్లోకంలో చెప్పిన మాట నిజం. మనవారు అక్కడ ఆగిపోతారు. ముప్పదినాలుగవ శ్లోకంలో, రాగద్వేషాలు ఇంద్రియవిషయాలలో నెలకొని ఉన్నాయి, వాటికి వశుడు కారాదు అన్న ఆజ్ఞ ఉన్నది. ఆ ఆజ్ఞ ఎవరికి? అర్జునునికి, అనగా శాస్త్రం విని గ్రహించగల మనుష్యునికి. ముందటి శ్లోకం శునకాన్ని నిర్దోషిని చేస్తే, తరువాతి శ్లోకం గొలుసు పట్టుకున్నవానిని బాధ్యునిగా నిలబెడుతుంది. ఒక శ్లోకం చదివి మరొకటి విడిచిపెట్టడం పారాయణం కాదు, పలాయనం.

భాగవతవాక్యం గతి కూడా అంతే. ప్రథమస్కంధంలో ధృతరాష్ట్రుడు ఇల్లు విడిచి వెళ్లినపుడు శోకిస్తున్న ధర్మరాజుకు నారదమహర్షి లోకస్థితిని బోధిస్తూ చెప్పిన మాట అది. తన అజాగ్రత్తవలన ఒక ప్రాణి నశించినవానికి క్షమాపత్రంగా వ్రాసి ఇచ్చినది కాదు. దానిని నేను ఆ భక్తునికి క్షమాపత్రంగా వ్రాసి ఇచ్చాను.

రెండవ వాదం దీనికి విపరీతమైనది. మా ఇల్లు సాత్త్వికం, మా కుక్క పెరుగన్నం తప్ప మరొకటి ముట్టదు, ఏకాదశినాడు ఉపవసిస్తుంది కూడా, అది చీమకైనా హాని తలపెట్టదు అని కొందరు మురిసిపోతారు. ఈ భ్రమ కొత్తది కాదు. మీమాంసాదర్శనం ఆరవ అధ్యాయంలో కర్మాధికారం ఎవరికి అన్న విచారణ ఉన్నది. అక్కడ శబరస్వామి, చతుర్దశినాడు కుక్కలు, అష్టమినాడు డేగలు ఉపవాసం చేయడం చూస్తున్నాము కదా అన్న పూర్వపక్షాన్ని ఎత్తి ఖండించారు. వాటికి ధర్మం తెలియదు. వ్యాధివంటి కారణంచేత అవి ఆనాడు తినకపోవచ్చు అని సమాధానం. కుక్కచేత ఏకాదశి చేయించేవారికి శతాబ్దాల క్రితమే జవాబు సిద్ధంగా ఉన్నది.

ఆకలి వేరు, వేట వేరు అన్నది ఇక్కడ ముఖ్యంగా గ్రహించవలసిన సంగతి. చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టడం, విదిలించడం అనే వరుస శునకశరీరంలో పూర్వమే వ్రాయబడి ఉన్నది. కడుపు నిండినా కదిలే తోక కంటబడితే ఆ వరుస మేల్కొంటుంది. తరమడమే దానికి ఆనందం. తోడేలుకంటె శునకం పిండిపదార్థాలను చక్కగా జీర్ణించుకోగలదని 2013లో జన్యుశాస్త్రవేత్తలు నిరూపించారు. కనుక అన్నం దానికి అరుగుతుంది. అన్నం తిన్నంతమాత్రాన వేటబుద్ధి అరగదు. పైగా ఆ బుద్ధికి పదును పెట్టినది మనుష్యుడే. కుందేళ్లను వాసనపట్టి తరమడానికి బీగిల్‌ను, నేలబొరియలలోని బ్యాడ్జర్ అనే జంతువును పట్టడానికి డాక్స్‌హుండ్‌ను, ఎలుకలను చంపడానికి టెర్రియర్లను తరతరాలుగా ఏరి పెంచారు. రామాయణం అయోధ్యాకాండలో కేకయరాజు భరతునికి బహూకరించిన శునకాలు అంతఃపురంలో పెరిగినవే. అయినా వాల్మీకి వాటిని కోరలే ఆయుధాలుగా గలవి అని వర్ణించాడు. అంతఃపురంలో పెరిగినంతమాత్రాన కోరలు మొద్దుబారలేదు. మన అపార్ట్‌మెంట్‌లో మాత్రం మొద్దుబారుతాయా?

ఈ వాదులు యోగసూత్రాన్ని కూడా ఆశ్రయిస్తారు. అహింస యందు ప్రతిష్ఠితుడైనవాని సన్నిధిలో ప్రాణులు వైరాన్ని విడుస్తాయని పతంజలి చెప్పిన మాట సత్యమే. ఆ ప్రతిష్ఠ మనకు సిద్ధించిందా? ఒక చేత గొలుసు, మరొక చేత చరవాణి పట్టుకుని, ఎదుటి ఇంటివాడు వాహనం అడ్డంగా నిలిపాడని మండిపడే మన సన్నిధిలో కుక్క ఎందుకు వైరం విడవాలి? ఆ సూత్రానికి పూర్వసూత్రంలోనే పతంజలి హింసను మూడుగా విభజించాడు: స్వయంగా చేసినది, చేయించినది, ఆమోదించినది. గృహస్థునికి ముందు పనికివచ్చేది ఆ సూత్రం. సాయంత్రం వీధిలో పిల్లిని చూపి "ఉస్కో" అనే బాలుడు హింస చేయిస్తున్నాడు. మేడమీదనుండి చూసి నవ్వే తండ్రి ఆమోదిస్తున్నాడు. వినోదంకోసం ఒక జంతువును మరొకదానిపై ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

మూడవ వాదం క్రూరమైనది. ఇది అశుచి జంతువు, హంతకి, కొట్టాలి, లేదా ఎక్కడైనా విడిచిపెట్టాలి అంటారు. పిల్లికూన మరణించిన తరువాత ఆ అశోక్‌నగర్ భక్తునికి బంధువులు ఈ సలహాయే ఇచ్చారు. శాంతిహోమం చేయించి, కుక్కను రాత్రివేళ ఇందిరా పార్కు పరిసరాలలో వదిలివేయాలని ఆయన నిశ్చయించుకున్నారు. హోమానికి ముహూర్తం పెట్టమని నన్నే అడిగారు. నేను పెట్టలేదు.

మహాభారతం ఆదిపర్వం ఆరంభంలోనే ఒక కుక్కపిల్ల రోదనం వినబడుతుంది. జనమేజయుని సత్రయాగానికి వచ్చిన సరమ కుమారుని రాజసోదరులు కొట్టారు. అది హవిస్సును నాకలేదు, కన్నెత్తి చూడలేదు. తల్లి వచ్చి కారణమడిగితే వారివద్ద సమాధానం లేదు. ఊహించని భయం నిన్ను ఆవరిస్తుందని సరమ శపించింది. అంతటి మహేతిహాసం నిరపరాధియైన శునకాన్ని కొట్టిన దోషంతో ఆరంభమై, మహాప్రస్థానంలో వెంటవచ్చిన శునకాన్ని విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజు నిశ్చయం వరకు సాగింది. మధ్యలో ఏమి చదివినా చదవకపోయినా ఈ రెండు ఘట్టాలు చదివినవాడు కుక్కను రాత్రివేళ తీసుకువెళ్లి వీధిలో విడువడు. పెంపుడు కుక్కకు వీధిజీవితం తెలియదు. అక్కడి గుంపులు దానిని చీల్చవచ్చు, లేదా ఆకలికి అదే మరిన్ని చిన్నప్రాణులను చంపవచ్చు. హింస తగ్గదు, మన కంటికి కనబడకుండా పోతుంది.

కొట్టడం కూడా నిష్ఫలం. వేటాడి తిరిగివచ్చిన శునకాన్ని కొడితే, ఉడుతను చంపినందుకు కొట్టారని దానికి బోధపడదు. యజమానివద్దకు వచ్చినందుకు కొట్టారని తెలుసుకుంటుంది. మరునాడు పిలిస్తే రాదు.

మరి సిద్ధాంతమేమిటి?

నేను బాల్యంనుండి నిత్యం పఠిస్తున్న శ్రీరుద్రంలోనే అది ఉన్నది. నమకం నాల్గవ అనువాకం చివర రుద్రునికి వేటగాండ్ర రూపంలో, శునకాల రూపంలో, వెంటనే శ్వపతుల రూపంలో నమస్కారాలున్నాయి. శ్వపతి అంటే శునకానికి పతి. పతి అన్న పదానికి పాలించువాడు, రక్షించువాడు అని అర్థం. వేదం శునకానికి వేరుగా, దాని పతికి వేరుగా నమస్కరించింది. వేటబుద్ధి శునకానిది, పాలన పతిది. ఈ మంత్రాన్ని వేలసార్లు ఉచ్చరించిన నాకు ఆ భేదం పూలమ్మే తల్లి అడిగేవరకు స్ఫురించలేదు.

స్మృతి ఇంకా స్పష్టంగా చెప్పింది. కోరలున్న, కొమ్ములున్న జంతువులు ఎవరిమీదనైనా పడినపుడు, విడిపించే శక్తి ఉండీ విడిపించని యజమానికి ప్రథమసాహస దండం విధించాలని యాజ్ఞవల్క్యుడు వ్యవహారాధ్యాయంలో శాసించాడు. బాధితుడు ఆక్రోశించినా విడిపించకపోతే ఆ దండం రెట్టింపు. జంతువుకు దండన చెప్పలేదు. ఆ వచనం మనుష్యరక్షణకు ఉద్దేశించినది కదా అనవచ్చు. నిజమే. కాని ఆక్రోశించగల మనుష్యుని విషయంలోనే యజమానిపై ఇంత భారముంటే, ఆక్రోశించినా ఎవరికీ వినబడని ఉడుత విషయంలో అంతరాత్మ ఎదుట భారం తగ్గుతుందా? కర్ణాటకలో క్రీ.శ. 949 నాటి ఆతకూరు వీరశిల ఒకటి ఉన్నది. అడవిపందితో పోరాడి ప్రాణం విడిచిన కాళి అనే వేటకుక్క స్మృతికై నిలిపినది. ఆ శిలను పూజించక భుజించే అర్చకునికి ఆ కుక్క చేసిన పాపం సంక్రమిస్తుందని శాసనంలో ఉన్నది. శునకపాపం మనుష్యుని తలకు, అందునా అర్చకుని తలకు చుట్టుకోగలదన్న భావన మన పూర్వులకు కొత్త కాదు.

సర్వత్ర సమదర్శనం కదా, ఉడుతలోనూ కుక్కలోనూ ఒకే ఆత్మ కదా అని వేదాంతులు కొందరు ప్రశ్నిస్తారు. అవును. అందుకే రెండింటినీ రక్షించాలి. సమదర్శనం వేరు, సమవర్తనం వేరు. రెండింటిలో ఒకే చైతన్యాన్ని దర్శించేవాడు రెండింటినీ ఒకే పెరట్లో విడిచి కూర్చోడు.

కనుక శ్వపతుల కర్తవ్యం ఇది. వీధిలో అడుగు పెట్టినది మొదలు గొలుసు చేతిలో ఉండాలి. మెడలో వ్రేలాడే గొలుసు గొలుసు కాదు. పట్టెడకు చిరుగంట కట్టాలి. దాని సవ్వడి పక్షులకు, ఉడుతలకు ముందుగా హెచ్చరిక. "ఆగు", "వదులు", "రా" అన్న మూడు మాటలు పిల్లప్రాయంనుండే తినుబండారం ఇచ్చి, ప్రేమతో నేర్పాలి. వేటబుద్ధికి వేరొక మార్గం చూపాలి: బంతిని తరమనివ్వాలి, పాతగుడ్డలో తిండి చుట్టి దాచి వాసనతో వెదకనివ్వాలి. చిలుకలు, కుందేళ్లు ఉన్న గదిలో దానిని ఒంటరిగా విడువరాదు, ఎంత స్నేహంగా కనబడినా సరే. ఎలుకను పట్టినచో ఉపేక్షించరాదు. ఎలుకకు ఎవరైనా పెట్టిన విషం కుక్కకూ చేరవచ్చు, ఎలుకలనుండి లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల మనకు నడకదూరంలోనే ఉన్నది. టీకాలు వేయించడం కూడా శ్వపతిధర్మమే.

ఆ భక్తునికి హోమం బదులు నేను ఇదే ప్రాయశ్చిత్తంగా చెప్పాను. పూలమ్మే తల్లివద్దకు వెళ్లి తప్పు ఒప్పుకోమన్నాను. ఆయన వెళ్లారు. ఆమె క్షమించానని చెప్పలేదు. "ఇగ జర చూసి నడిపించు బిడ్డా" అన్నదట. ఇప్పుడు ఉదయం ప్రహరీ అవతల చిరుగంట సవ్వడి వినబడుతుంది; గొలుసు ఆయన చేతికి రెండు చుట్లు చుట్టి ఉంటుంది. బీగిల్ ఇప్పటికీ వేపచెట్టు వైపు చూసి బిగుసుకుంటుంది. దాని స్వభావం మారలేదు. మారవలసినది అది కాదు.

నా ప్రాయశ్చిత్తం సంగతి కూడా చెప్పాలి. ఉడుతలను నేలకు రప్పించినది నా బియ్యమే. శ్రీరామునికి ఉడుత చేసిన సాయం వాల్మీకంలో లేకున్నా మన రంగనాథ రామాయణం ఆ కథను తెలుగువారికిచ్చింది. ఉడుతాభక్తి అన్న మాట మన నోట నిలిచింది. ఆ ఉడుతకు నేను చేసిన సేవ దానిని కోరలముందు నిలపడమైంది. ఇప్పుడు ఆ బియ్యాన్ని ప్రహరీ లోపల, ఎత్తైన అరుగుమీద, బాగా ప్రొద్దెక్కిన తరువాత వేస్తున్నాను. నాల్గవ అనువాకం వచ్చినపుడు శ్వపతి అన్న పదం వద్ద నా గొంతు ఒక క్షణం నిలుస్తున్నది.

శుభం భూయాత్.