రెండు సీట్ల కారు.. పల్నాడు ఎండ.. 40 వేల ఫీజు

ఈమధ్య నా ఫోనుకి వచ్చే మెసేజుల్లో సగం ఒకటే రకం. ఓ రీల్ లింకు, దాని కింద “అన్నా, ఇది కొనొచ్చా?” అని ఒక్క ముక్క. రీల్‌లో ఏముంటుందో మీకూ తెలుసు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఓ సెకండ్‌హ్యాండ్ కార్ల షెడ్డు. బటన్ నొక్కగానే టాపు వెనక్కి మడుచుకుపోయే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. పైన పెద్దక్షరాలతో “కొత్త క్రెటా రేటుకే!”

నన్నే ఎందుకడుగుతారంటే, నర్సరావుపేటలో అలాంటి బండి ఒకటి నా దగ్గరుంది. 2011 మోడల్, జర్మనీది, రెండున్నర లీటర్ల పెట్రోల్ ఇంజిను. కంపెనీ పేరు మాత్రం చెప్పను, మళ్లీ దాని మీద గొడవలెందుకు? 2022లో 17 లక్షలకి కొన్నాను. నాలుగేళ్లుగా దాంతో కాపురం చేస్తున్నాను. ఈసారి అడిగింది ఎవరో కాదు, మాచర్లలో ఉండే మా మేనల్లుడు. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం, జీతం 48 వేలు. చూసిన కారు 12 లక్షలు. చేతిలో పైసా లేదు, పర్సనల్ లోన్ తీసుకుంటాడట. వాళ్ల నాన్న కౌలుకి మిరప వేసి, ఇంకా అప్పు తీర్చే పనిలోనే ఉన్నాడు.

కాబట్టి ఈ వారం కాలమ్ వాడి కోసం. మీరూ చదవండి.

ఎందుకంత చవక?

మొదట ఏమేం దొరుకుతాయో చూద్దాం. ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు మజ్దా ఎంఎక్స్-5. 1989లో చికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు, 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. అమెరికాలో మనవాళ్లు వీకెండ్ కోసం కొనే పాత బండ్లలో ఇదీ ఒకటి. మన దేశంలో కంపెనీ దీన్ని అమ్మలేదు. “డల్లాస్‌లో మా అన్న దగ్గరుంది, ఇక్కడికి తెప్పిస్తే?” అంటారా? కుదరదు. పాత కారు దిగుమతి చెయ్యాలంటే మూడేళ్లలోపుదై ఉండాలి, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, ముంబై రేవులోనే దిగాలి. అమెరికా బండికి స్టీరింగ్ ఎడమవైపు. కథ అక్కడే అయిపోయింది.

మన దేశంలో తయారైనది ఒకటుంది, శాన్ స్టార్మ్. 1990ల చివర్లో వచ్చింది. ఫైబర్ బాడీ, రెనో వాళ్ల 1,149 సీసీ ఇంజిను. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. కానీ ఇప్పుడు తయారీ లేదు. ఓ డోరు అద్దం పగిలిందంటే దాని కోసం రాష్ట్రాలన్నీ ఫోన్లు చెయ్యాలి.

మిగిలినవి బీఎండబ్ల్యూ జెడ్4, మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కే, ఆడి టీటీ లాంటివి. కొత్తప్పుడు చాలా ఖరీదు, పదేళ్లు దాటితే రేటు కిందపడిపోతుంది. అయితే గుర్తుపెట్టుకోండి, తగ్గేది కారు రేటే. బ్రేకు ప్యాడ్లు, సెన్సర్లు, టైర్ల రేట్లు తగ్గవు. 12 లక్షల బండిని ఖరీదైన బండి విడిభాగాలతో బతికించాలి.

చూడ్డానికి వెళ్లినప్పుడు

టాపుని ఒకసారి కాదు, మూడుసార్లు తెరిచి మూయించండి. మధ్యలో ఆగినా, ఒకవైపు లేటుగా వచ్చినా జాగ్రత్త. తర్వాత మూసిన టాపు మీద పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టించండి. “నీళ్లెందుకు సార్, పాలిష్ పోతుంది” అని బ్రోకరు అన్నాడంటే ఇంకో ఐదు నిమిషాలు కొట్టించండి. టాపు అంచుల్లో నీళ్లు బయటికి పోయే సన్న గొట్టాలుంటాయి. అవి ఆకులతో, దుమ్ముతో మూసుకుపోతే నీళ్లు లోపలికి దిగి మోటారుని, వైరింగుని తినేస్తాయి. డిక్కీలో కార్పెట్ ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడండి.

ఇంకోటి, వరద బండ్లు. 2015లో చెన్నై, 2020లో హైదరాబాద్, 2024లో విజయవాడ బుడమేరు. మునిగిన కార్లన్నీ తుక్కుకి పోవు, కొన్ని కడుక్కుని మళ్లీ బజారుకొస్తాయి. సీటు బెల్టుని చివరిదాకా లాగండి. కడిగినవాడు పైభాగమే కడుగుతాడు. లోపల చుట్టుకున్న భాగంలో బురద గీత కనిపిస్తే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

టాపు లేని కారుకి పైన ఇనుప చట్రం ఉండదు కాబట్టి బలమంతా కింద ఫ్లోరులోనే పెడతారు. యాక్సిడెంటైన బండిలో ఆ కిందిభాగం సరిగ్గా అతకకపోతే డోర్లు బిగుసుకుంటాయి, గతుకుల్లో కిటకిటమంటాయి. రెండు డోర్ల సందులు ఒకేలా ఉన్నాయా లేదా అని వేలు పెట్టి చూడండి. షెడ్డు ముందున్న నున్నటి రోడ్డు మీద కాదు, గుంతల రోడ్డు మీద నడిపి చూడండి.

కాగితాల దగ్గర కళ్లు తెరవండి

వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ రావాలి. బ్యాంకు లోను ఉండి ఉంటే అది తీరిందని ఫారం 35 కావాలి. పేరు మార్పుకి 29, 30 ఫారాలు. 12 నెలలు దాటి ఇక్కడే తిప్పాలంటే ఏపీ నంబరు తీసుకోవాలి, బండి వయసుని బట్టి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద ఆంక్షలున్నాయి కాబట్టి అక్కణ్నుంచి చవగ్గా వస్తుంటాయి. ఆ చవకలోంచి ఈ ట్యాక్సు తీసేసి లెక్కేసుకోండి.

రీల్స్‌లో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే చెల్లుతుంది. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి మామూలు కారుకి ఆ ఫీజు 5,000. విదేశం నుంచి దిగుమతైన కారుకి 40,000. 20 ఏళ్లు దాటితే ఇంకా ఎక్కువ, 2025లో దాన్ని 80,000 చేశారు. మీరు చూస్తున్నది 2012 మోడల్ అయితే ఆ ఫీజు వాకిట్లోకి వచ్చేసినట్టే. నా బండికి ఈ ఏడాదే.

మన ఊళ్లో నడపడం

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన వీధుల్లో వాటికి ఎత్తే ఉంటుంది, వెడల్పుండదు. అందుకే ఈ బండిని దేని మీదికీ తిన్నగా ఎక్కించకూడదు. అడ్డంగా, ఒక్కో చక్రాన్నీ విడిగా దించాలి. వెనకాల ఆటోవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి.

ఎండ సంగతి చెప్పక్కర్లేదు. వేసవిలో టీవీలో ఉష్ణోగ్రతలు చదివేటప్పుడు మన రెంటచింతల పేరు రాని ఏడాది ఉందా? మే నెలలో టాపు తెరిచేది పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా. ఆ తర్వాత తెరిస్తే తలకాయ ఉడుకుతుంది. పిడుగురాళ్ల వైపు వెళ్తే సున్నం దుమ్ము, దాచేపల్లి వైపు సిమెంటు లారీలు. కాబట్టి నెలకోసారి రబ్బరు సీళ్లు తడిగుడ్డతో తుడవడం, నీటి గొట్టాలు శుభ్రం చెయ్యడం నా ఆదివారం పని. కొండ మీది గుళ్ల దగ్గర టాపు తెరిచి పార్క్ చేశారా, కారు కోతులదైపోతుంది.

సామాను సంగతీ అంతే. 2009లో వచ్చిన జెడ్4నే తీసుకోండి. టాపు మూసి ఉంటే డిక్కీ 310 లీటర్లు, తెరిస్తే 180. మడిచిన టాపు వెళ్లి డిక్కీలోనే కూర్చుంటుంది మరి. పంక్చరైతే మార్చుకోవడానికి చాలావాటిలో స్టెప్నీ కూడా ఉండదు, రన్‌ఫ్లాట్ టైర్లు ఉంటాయి. నాకు ఒక్కో టైరు 22 వేలు పడింది. 1,500 సీసీ దాటిన కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే 7,897 రూపాయలు.

ఇన్ని చెప్పి మరి నువ్వెందుకు ఉంచుకున్నావంటారా? అక్టోబరులో, వాన వెలిశాక, పొద్దున్నే కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కి చూడండి. తడిమట్టి వాసన, పైన ఆకాశం, ముందు ఒంపు. మామూలు కారులో వాటిని అద్దంలోంచి చూస్తాం. ఇందులో వాటి మధ్యలో ఉంటాం. దానికి వెల కట్టడం నాకు రాదు.

మేనల్లుడి నోటుబుక్కు

వాడికి ఇదంతా చెప్పాను. విన్నాడు. “అట్టయినా కొనాలనిపిస్తంది మామయ్యా” అన్నాడు. నేను కాగితం తీశాను. 12 లక్షలు, 13 శాతం వడ్డీ, ఐదేళ్లు. నెలకి ఈఎంఐ 27,300. మొత్తం కట్టేది 16 లక్షల 38 వేలు. జీతంలో మిగిలేది 20,700. అందులోంచే రూము అద్దె, తిండి, పెట్రోలు. ఇంటికి పంపేది సున్నా.

వాడు ఆ కాగితం వంక చూసి ఏం మాట్లాడలేదు. కోరిక లెక్కలకి లొంగదని నాకూ తెలుసు. అందుకే తాళం చేతికిచ్చి, “వారం రోజులు నీ దగ్గరే పెట్టుకోరా. ఒక్క షరతు, రోజూ రాయాలి” అన్నాను.

వారం తర్వాత నోటుబుక్కు తెచ్చాడు. మొదటి పేజీలో ఖర్చు. 310 కిలోమీటర్లు, 34 లీటర్లు, 3,740 రూపాయలు. రెండో పేజీకి వాడే ఓ పేరు పెట్టుకున్నాడు, ‘సీటు లేదు’ అని. అందులో పదకొండు వరసలున్నాయి. నాయనమ్మని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, తోడుగా అమ్మ రావాలి, కుదర్లేదు. అక్క, అక్క కూతురు బస్టాండులో దిగారు, ఆటో మాట్లాడాడు. పసిపిల్లని ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో ఎంత ప్రమాదమో వాడికి ముందే చెప్పాను. ఎరువుల బస్తా, డిక్కీలో పట్టలేదు.

చివరి వరస ఇంకోలా ఉంది. ఓ రోజు తెల్లవారుజామున వాళ్ల నాన్నని ఎక్కించుకుని ఎత్తిపోతల దాకా వెళ్లొచ్చాడు. టాపు తెరిచే. ఆయన దారంతా ఏం మాట్లాడలేదట. దిగేటప్పుడు మాత్రం “బాగుందిరా.. మీ అమ్మ కూడా వచ్చుంటే బాగుండేది” అన్నాడట. మర్నాడు పొద్దున అమ్మని తీసుకెళ్లాడు. ఆవిడా అదే అంది, “మీ నాన్న కూడా ఉంటేనా..” అని.

“ఇద్దర్నీ ఒకేసారి తీసుకెళ్లాలంటే థారు కొనాల్సిందే మామయ్యా” అని నవ్వాడు. 2020లో వచ్చిన థార్‌లో టాపు తీసుకునే రకం ఉండేది, నాలుగు సీట్లతో. పల్నాడులో టాపు లేని బండంటే ముందు నుంచీ జీపే గదా!

ప్రస్తుతానికి వాడు లోను తీసుకోలేదు. నెలకి 15 వేలు పక్కన పెడతానన్నాడు. రెండేళ్లకి 3 లక్షల 60 వేలు. అందులో ముందు వాళ్ల నాన్న కౌలు అప్పుకి ఎంత పోతుందో, కారుకి ఎంత మిగులుతుందో వాడే చూసుకుంటాడు. “నీది ఎప్పుడమ్ముతావు?” అని మాత్రం అడిగి పెట్టుకున్నాడు. అమ్మనన్నాను. రెన్యువల్‌కి 40 వేలు పక్కన పెట్టేశాను కూడా. మా ఇంట్లో ఐదు సీట్ల కారు ఇంకోటి ఉంది, ఈ బండికి అప్పు లేదు. ఆ రెండూ ఉన్నాయి కాబట్టే ఇది నాకు సరదాగా మిగిలింది.

మీరూ కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇంట్లో ఇంకో కారుందా? అప్పు లేకుండా కొనగలరా? కొన్న రేటులో నాలుగో వంతు రిపేర్లకి విడిగా ఉందా? మూడింటికీ అవునంటే పైపు పట్టుకుని వెళ్లండి, టాపు మీద నీళ్లు కొట్టించండి. ఒక్కదానికి కాదన్నా, తెలిసినవాళ్ల బండి ఓ వారం అడగండి. నోటుబుక్కు మాత్రం మర్చిపోవద్దు.