బిల్లు కాగితంలో మన వ్యాపార చరిత్ర

తెలుగునాట ముస్లిముల గురించి రాసేవారు సాధారణంగా నవాబుల గురించి రాస్తారు, లేదా పేదరికపు లెక్కలు రాస్తారు. ఈ రెంటి నడుమ నిలిచిన దుకాణదారుడు, అత్తరు బుడ్డీలు మోసుకొని ఊరూరా తిరిగిన సాయిబు, దూదేకి పరుపులు కుట్టిన దూదేకుల కుటుంబం ఆ రాతలలో అరుదుగా కనిపిస్తారు. వారు గ్రంథాలు రాసిపెట్టలేదు. వారు వదిలి వెళ్లినవి బిల్లు పుస్తకాలు, అచ్చు వేయించిన చేతిసంచులు, రేకు డబ్బాలు, ఉద్దెర ఖాతాలు. వాటిని మనం పాత సామాన్లవాడికి కిలోల లెక్కన అమ్మేస్తున్నాం.

జిందా తిలిస్మాత్ సీసానే తీసుకోండి. 1920లో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ హైదరాబాదులో ప్రారంభించిన ఈ యునానీ మందు జలుబుకూ కడుపునొప్పికీ మతభేదం లేకుండా తెలుగు ఇళ్లలో చేరింది. దాని పెట్టె మీది మనిషి బొమ్మను చూడని వారుండరు, అతడెవరని అడిగిన వారు మాత్రం తక్కువ. అతడు సిద్దీ. ఆఫ్రికా మూలాలుండి నిజాము సైన్యంలో పనిచేసిన వారి జ్ఞాపకం ఆ బొమ్మలో ఉంది. ఆ సిద్దీల పేరు నేటి బి.సి.-ఇ జాబితాలోనూ ఉంది.

ఆ జాబితాను మరొకసారి చదవండి. అత్తరు సాయిబులు, అచ్చుకట్టలవాండ్లు, హజాం, ఖురేషీ, ధోబీ ముస్లిములు: సగం పేర్లు వృత్తుల పేర్లే. 4 శాతం రిజర్వేషన్లకు ఆధారమైన 2007 నాటి చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. వెనుకబాటును తేల్చేందుకు సమాచారం సేకరించిన తీరు శాస్త్రీయంగా లేదన్నది అప్పటి ఆక్షేపణలలో ముఖ్యమైనది. మరుసటి నెల సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. ఒక బిల్లు కాగితం వెనుకబాటును రుజువు చేయదని మేమూ ఒప్పుకుంటాం. అయితే ఏ కుటుంబం ఏ వృత్తిని ఎక్కడ, ఎంతకాలం చేసిందో, ఎప్పుడు దుకాణం మూసిందో అది చెప్పగలదు. దస్త్రాల మధ్య ఉద్యోగజీవితం గడిపిన మాకు కాగితం విలువ తెలుసు. కాగితం లేనివాడి మాటకు కార్యాలయంలో దక్కే మర్యాద కూడా తెలుసు.

తేదీ చిరిగిపోయినా కాలాన్ని పసిగట్టవచ్చు. ధర అణాలలో ఉంటే ఆ బిల్లు దాదాపుగా 1957కు ముందుదే. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడు ఉంటే 1972 తరువాతిది. ఎ.పి.జి.ఎస్.టి. నంబరు ఉంటే అమ్మకపు పన్ను చట్టం వచ్చిన 1957కూ, వ్యాట్ వచ్చిన 2005కూ నడుమ అచ్చయిన పుస్తకమని గ్రహించవచ్చు. దుకాణం పేరు ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషులలో ఏ వరుసలో ఉందో, ఏ సంవత్సరం నుంచి ఉర్దూ మాయమైందో కూడా చూడండి. అదొక ప్రత్యేక కథ.

వీటన్నిటికన్నా విలువైనది ఉద్దెర ఖాతా. అందులో రెడ్డిగారి పేరు పక్కన సాలెల ఇంటి పేరు, దాని కింద మాదిగవాడ కూలీ పేరు ఉంటాయి. పంట వచ్చాక ఇస్తామన్నవారికి సాయిబు నోటిమాట మీదనే గుడ్డ ఇచ్చాడు, వారు తెచ్చి ఇచ్చారు. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కాంవడ్ యాత్ర దారిలోని తినుబండారాల దుకాణాలు యజమానుల పేర్లు ప్రదర్శించాలని అధికారులు ఆదేశించారు. పేరు చూసి కొనాలా వద్దా తేల్చుకొమ్మనడమే దాని అర్థం. 22వ తేదీన సుప్రీంకోర్టు ఆ ఆదేశాలను నిలిపివేసి, ఏ ఆహారం అమ్ముతున్నారో తెలిపితే చాలునంది. మన ఊళ్లలో సాయిబు పేరు ఎవరికీ తెలియనిది కాదు. తెలిసే అతని దగ్గర కొన్నారు. ఆ మాట మనం నోటితో ఎన్ని సభలలో చెప్పినా, ఖాతా పుటలో ఉన్నంత బలంగా ఉండదు.

ప్రభుత్వం ఒక మ్యూజియం కట్టేదాకా ఆగుదామనే పెద్దలు మాకు తరచుగా ఎదురవుతారు. అప్పటికి చెదలు పని పూర్తి చేస్తాయి. ప్రతి మసీదు కమిటీ ఒక బీరువా కేటాయించాలి. ఒక జుమా నాడు నమాజు తరువాత బల్ల వేసి, ఇళ్లలోని పాత సంచులు, బిల్లులు, డబ్బాలు తెమ్మనాలి. ఇవ్వడం ఇష్టం లేనివారి వస్తువులకు ఫోటో తీసి తిరిగి ఇవ్వాలి. ఖాతాలలోని బాకీల వివరాలను మాత్రం ఎవరూ బయట పెట్టరాదు. అవి ఇతరుల ఇంటి గుట్లు. ఇంటి స్త్రీలను తప్పక అడగాలి. పెళ్లి బట్టలు కొన్న సంచిని ట్రంకు పెట్టె అడుగున దాచింది వారే. ప్రతి వస్తువుకు దుకాణం, వీధి, ఊరు, తెచ్చినవారి పేరు ఒక చీటీ మీద పెన్సిలుతో రాసి జతపరచాలి. లామినేషన్ మాత్రం చేయించకండి, ఆ వేడికి అంటుకున్న పాత కాగితం మళ్లీ విడిరాదు.