ఉన్మాదాన్ని భక్తి అని భ్రమించవద్దు

2021 జనవరిలో మదనపల్లెలో ఉన్నత విద్యావంతులైన దంపతులు, ఈడొచ్చిన తమ కుమార్తెలిద్దరినీ పూజల నడుమ చంపారన్న అభియోగంపై అరెస్టయ్యారు. బిడ్డలు తిరిగి బ్రతికి వస్తారని వారి విశ్వాసం! అనంతరం వారిని విశాఖపట్నంలోని మానసిక వైద్యశాలకు తరలించారు. రెండు ప్రాణాలు పోయిన పిమ్మట గాని వైద్యుడు గుర్తుకు రాలేదు.

మంత్రహోమాదులు ఆయుర్వేదంలోనూ ఉన్నవి కదా అని కొందరు నన్ను ప్రశ్నిస్తారు. ఉన్నవి. అయితే చరకమహర్షి వాటితోపాటు ఔషధాన్ని, మనోనిగ్రహరూపమైన సత్త్వావజయ చికిత్సను కూడ విధించాడు. ఉన్మాద నిదానం చెబుతూ, వ్యాధికి దేవతలనుగాని పిశాచాలనుగాని నిందింపరాదనీ, ప్రజ్ఞాపరాధమే, అనగా బుద్ధి దారి తప్పుటయే, మూలమనీ స్పష్టపరిచాడు. కనుక రోగిలో దయ్యాన్నో దేవతనో వెదకడం తగదు.

పాఠకులారా! మీ ఇంట ఎవరైనా నిద్రాహారాలు మాని, ఇతరులకు వినబడని మాటలు తమకు వినబడుతున్నవన్నా, తామే దైవమన్నా, భక్తి ముదిరిందని మ్రొక్కకండి, భూతవైద్యుని పిలువకండి. ఆ దినమే మానసిక వైద్యుని వద్దకు తీసుకొనిపోండి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవ ద్వారా ఉచితంగా సలహా లభిస్తుంది. జ్వరానికి సిగ్గుపడని మనం మనోవ్యాధికి ఏల సిగ్గుపడాలి?